మైల అర్రలో ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం పోపులో ఆవాలు వెయ్యాలంటే నాకు ఏడుపొచ్చేది. నవ్వకండి. ముందుగదిలో రేడియోలో పిల్లల కార్యక్రమం మొదలయ్యేదీ, మా ఇంట్లో విస్తళ్ళు పడేదీ ఒకటే వేళ. ఆవాలు చిటపటమన్నంతసేపూ కార్యక్రమం నడిపే అక్కయ్య గొంతు నాకు అందదు. చిటపట ఆగిందనుకునేసరికి మా ఆయన "చారు" అంటారు. చారు పోసి వచ్చేసరికి మరిది "జర కూర, వదినా" అంటాడు. ఆ రోజు పరకాల నుంచి సరుక్కొచ్చిన షావుకార్లు ఎవరైనా ఉంటే ఇంక చెప్పేదే లేదు. కథలో రాజకుమారి ఒంటరిగా అడవిలోకి వెళ్ళడం వింటాను. మళ్ళీ చెవి పెట్టేసరికి ఆమెకు పెళ్ళైపోయి ఉంటుంది. మధ్యలో ఏమైందని మా పిల్లల్ని అడుగుదామా అంటే మగపిల్లలిద్దరూ ఎప్పుడో గోళీలాటకు ఉరికి ఉంటారు. శకుంతల ఒక్కతే కూర్చుని వినేది, దాన్ని కూడా నీళ్ళు పెట్టమని, మజ్జిగ తెమ్మని లేపేవాళ్ళు. ఇంటిల్లిపాదిలో పిల్లల కార్యక్రమం కావాలని ప్రాణం కొట్టుకునేది పిల్లల తల్లికి. ఇదెక్కడి చోద్యమో నాకూ తెలియదు.

"నీకెందుకే పోరగాండ్ల ప్రోగ్రాం? ముగ్గురు పిల్లల తల్లివి" అనేవారు మా ఆయన రామలింగం గారు, తమలపాకు ఈనె తీస్తూ. "చెవులు ఆడ పెట్టి చేతులు ఈడ పెడితె కూరల ఉప్పు రెండుసార్లు పడుతది" అని అత్తమ్మ. అది మాత్రం నిజం, పడేది. ఎవరూ తిట్టినట్టు అనేవారు కాదు. నవ్వుతూనే అనేవారు. నవ్వుతూ అన్నదానికి జవాబు చెప్తే మనమే గయ్యాళులమవుతాం.

అరవై రెండులో దుకాణం లాభం బాగా వచ్చిందని మా ఆయన హైదరాబాద్ నుంచి ఆ రేడియో తెచ్చారు. అత్తమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. నేను దారంతో అల్లిన గుడ్డ దానిమీద కప్పాం. కప్పడానికి, తుడవడానికి నేను, తిప్పడానికి ఆయన. అంతకుముందు నేను రేడియో విననిదాన్నేం కాదు. నెక్కొండలో నా చిన్నప్పుడు స్టేషన్ దగ్గర ఒక పెద్ద ఉద్యోగస్తుల ఇంట్లో ఉండేది. వాళ్ళ ప్రహరీ పక్కన బిందె దించి నిలబడి వినేదాన్ని. ఎవరో ఒకామె పిల్లలకు ఉర్దూలో కథ చెప్పేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆమె గొంతు పెద్దదైతే ఏనుగనుకునేదాన్ని, సన్నబడితే పిట్ట అనుకునేదాన్ని. ఆలస్యమైనందుకు ఇంట్లో వీపు మోగేది. అయినా నాకు తెలిసిన కథలన్నిటిలోనూ ఇప్పటికీ అదే పెద్ద కథ.

ఈ తెలుగు అక్కయ్యది వేరే మహిమ. ఏం చెప్పను! ఆమె ప్రశ్న అడుగుతుంది. "మెరుపు ముందు కనిపించి ఉరుము ఆలస్యంగా ఎందుకు వినిపిస్తుంది, పిల్లలూ? ఆలోచించండి" అంటుంది. అని, ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం ఉందే, అది విన్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరించేది. ఎక్కడో హైదరాబాద్‌లో ఒక చదువుకున్న మనిషి ప్రశ్న అడిగి, నా జవాబు కోసం మాట ఆపి కూర్చుంది! నన్ను కూడా రోజంతా ప్రశ్నలు అడుగుతూనే ఉంటారు. ధోవతి ఎక్కడుంది, పాలు కాగినయా, ఇంకా కాలేదా అని. వాటికి జవాబు చేతులు చెప్పాలి. నీకేమనిపిస్తాంది అని అడిగి ఆగినవాళ్ళు పుట్టింట్లో లేరు, అత్తింట్లో లేరు. అందుకే నేను గరిటె పట్టుకునే మనసులో జవాబు చెప్పుకునేదాన్ని. ఒక్కోసారి సరిపోయేది. సరిపోయిన రోజు అంట్లు తోముతున్నా నాలో నేనే నవ్వుకునేదాన్ని.

కార్యక్రమం మొదలు నుంచి చివరిదాకా వినే భాగ్యం నాకు బయట చేరినప్పుడే దక్కేది. మా కోమటిండ్లలో పట్టింపు ఎక్కువ. మూడు రోజులు పెరటివైపు చిన్న అర్రలో చాప, చెంబు, విడిగా ఒక కంచం. దేన్నీ ముట్టకూడదు, ఎవరూ నన్ను ముట్టకూడదు. అత్తమ్మ అన్నం దూరం నుంచి జరిపేది. కొత్తలో ఆ అర్రలో కూర్చుని ఏడ్చేదాన్ని, కుక్కకైనా ఇంతకంటే దగ్గరగా పెడతారు కదా అని. రేడియో వచ్చాక తెలిసింది, ఆ అర్ర కిటికీకీ ముందుగది గోడకీ నడుమ సందు మాత్రమే ఉందని. పొయ్యి లేదు, ఆవాలు లేవు, చారు అడిగేవాళ్ళు లేరు. మైలపడ్డ దాన్ని, మహారాణిలా గోడకు ఆనుకుని వినేదాన్ని. అయితే ఆ మూడు రోజుల్లో ఆదివారం పడాలి కదా! పండుగ ఏ వారం వచ్చిందో చూసుకున్నట్టు నేను దానికోసం చూసుకునేదాన్ని.

నిరుడు ఎండాకాలం ఒక ఆదివారం అలాగే పడింది. అక్కయ్య రెండు గిన్నెల్లో పెసర్లు నానబెట్టి, ఒకటి వెలుతురులో, ఒకటి చీకట్లో పెట్టి ఏది ఎట్లా మొలుస్తుందో చూడమంది. "ఎవరో చెప్పారని నమ్మకండి పిల్లలూ, చేసి చూడండి. వచ్చే నెల ఇదే వారం మీరు చూసిందేమిటో మాట్లాడుకుందాం" అంది. నేను స్నానం చేసి లోపలికి రాగానే చేసిన మొదటి పని అదే. ఒక గిన్నె కిటికీలో, ఒకటి బియ్యం డబ్బా వెనుక. చీకట్లోవి పొడుగ్గా, పసుపుపచ్చగా పాలిపోయి వచ్చాయి. వెలుతురులోవి పొట్టిగా, బలంగా లేచాయి. నేను వాటి ముందు కూర్చుండిపోయాను. వెలుతురు లేకపోతేనే పొడుగు పెరుగుతాయా! వెతుక్కుంటూ పెరుగుతాయా! ఇది నాకెవరూ చెప్పలేదు, నేను చూశాను.

ఇంక ఆ వచ్చే నెల ఆదివారం తప్పితే నా ప్రాణం నిలవదు. తీరా ఆ వారం గురువారం పొద్దున్నే బయట చేరాను. లెక్క ప్రకారం ఆదివారం పొద్దున స్నానం, మధ్యాహ్నానికి మళ్ళీ పొయ్యి, మళ్ళీ ఆవాలు. శుక్రవారం చేరానంటే? ఆదివారం నాది. ఒక్క రోజు నోరు మూసుకోవాలి, అంతే. మూసుకున్నాను. మూసుకున్న తర్వాత గుర్తొచ్చింది, ఆ రోజే మామిడికాయ తొక్కు కలపడానికి అత్తమ్మ ముహూర్తం పెట్టుకుందని.

మా అత్తమ్మ తొక్కంటే వరంగల్ బజార్లో పేరు. దాని చుట్టూ ఆవిడకు ఉన్నంత మడి దేవుడి గూటి చుట్టూ కూడా లేదు. మైల మనిషి నీడ పడితే జాడి జాడంతా బూజు పడుతుందని, కలిపిన చేతికి పాపం చుట్టుకుంటుందని నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ వింటున్నాను. "కీళ్ళు పట్టుకున్నయి, ఈసారి నువ్వే కలుపవే" అంది ఆవిడ ఆ రోజు. గంప నిండా ముక్కలు, కారం, ఉప్పు, మెంతిపిండి, నూనె. మోచేతుల దాకా పెట్టి కలిపాను. ఆవిడ వైపు చూడలేక తల తిప్పుకుంటే, కారం ఘాటనుకుంది.

ఆదివారం మొత్తం విన్నాను. ఆ తర్వాత మొదలైంది నరకం. జాడి మూత తీసినప్పుడల్లా ముందు బూజు కోసం వెతికేదాన్ని. వానలు పడ్డాయి. చిన్నోడికి జ్వరం తగిలింది. దవాఖానలో వాడి పక్కన కూర్చుని, రేడియో కోసం కొడుకును బలి పెట్టానా దేవుడా అని తల కొట్టుకున్నాను. సూదిమందు వేస్తే తగ్గింది. ఆ వారంలోనే వీధిలో సగంమంది పిల్లలకు వచ్చింది అదే జ్వరం, వాళ్ళ తల్లులెవరూ తొక్కు ముట్టలేదు. దసరా వచ్చింది, పోయింది. బూజు లేదు. ఎర్రగా, ఘుమఘుమలాడుతూ, ముక్క కొరికితే కరకరమంటూ ఉంది. "ఈ యేడు కుదిరినట్టు ఎన్నడు కుదరలే" అని అత్తమ్మ చుట్టాలందరికీ గిన్నెలు పంచింది. ఒకరోజు జాడి ముందు నిలబడి నేను చేతులు చూసుకున్నాను. ఇన్నేళ్ళూ నా ఒంట్లో ఏదో విషం ఉందనుకున్నాను. భయపడ్డాను, సిగ్గుపడ్డాను. విషం లేదు. ఆకాశం అంత పెద్ద మాట అది, చెప్పుకోవడానికి మనిషి లేదు.

ఇంతలో మా శకుంతలకు అదృష్టం పట్టింది. బడి నుంచి నలుగురు ఆడపిల్లల్ని పిల్లల కార్యక్రమంలో మాట్లాడడానికి శారద టీచరమ్మ హైదరాబాద్ తీసుకుపోతోంది. మా అమ్మాయి కథ చెప్పాలి. ఆ అక్కయ్య పక్కన కూర్చుని! రుబ్బురోలు దగ్గర, బావి దగ్గర దానితో కథ చెప్పించీ చెప్పించీ నాకూ నోటికి వచ్చింది. మా ఆయన కూడా బజారంతా చెప్పుకొచ్చారు.

శనివారం పొద్దున బండి. లేచి చూస్తే పక్క ఖాళీ. శకుంతల పెరటి అర్రలో మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుని ఉంది. "బయట చేరిన అమ్మా" అంది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళొచ్చని దానికి తోచనే లేదు. అంత బాగా నేర్పాం.

అత్తమ్మ అప్పటికే చూసేసింది. పీట మీద కూర్చుని వేడన్నంలో తొక్కు కలుపుకుంటూ, "పయనం బంద్. మైలపిల్ల బండెక్కుడేంది, నలుగుట్ల కూసునుడేంది? అది సరస్వతి ఉండే జాగ. టీచరమ్మకు కబురంపు రామలింగం" అంది. మా ఆయన నా వైపు చూడకుండా, "అమ్మ చెప్పినంక ఇంకేముంది? ఇంకోసారి పోతది తియ్యి" అన్నారు. అర్రలోంచి ఏడుపు కూడా రాలేదు. రాకపోవడమే నేను తట్టుకోలేకపోయాను.

పొరపాటు పడ్డానని దానితో చెప్పించో, వెనక దారినో పిల్లను పంపడం నాకొక లెక్క కాదు. దాచడం నాకు వచ్చు. కానీ దాచుకుని వెళ్ళిన పిల్ల అక్కడ గొంతెత్తి కథ ఎలా చెప్తుంది? తన ఒంట్లో విషం ఉందనుకుంటూనే చెప్తుంది. నిజం చెప్తే ఈ ఇంట్లో నా బతుకేమవుతుందో కూడా తెలుసు. పుట్టింటికి పంపొచ్చు. పంపకపోయినా నా చేతి నీళ్ళు ముట్టకపోవచ్చు. అయినా వెళ్ళి ఆవిడ పీట ముందు నిలబడ్డాను.

"అత్తమ్మా, మీరు తింటున్న తొక్కు నేను బయట చేరిన్నాడు కలిపిన."

ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది. 

"ఏమంటానవే?"

"ఆ పొద్దుగాలనే చేరిన. చెప్పలే. ఈ రెండు చేతులతోటే కలిపిన. అందరు తిన్నరు. చుట్టాలు తిన్నరు. దేవుని నైవేద్యంల గూడ పెట్టినం."

మా ఆయన ఒక్కసారిగా ఇటు తిరిగారు. "ఇంటిల్లిపాదిని మైల చేసినవా! నీకు బుద్ధున్నదా? ఎంత పాపం..." అని నా మీదికి వచ్చారు.

"నువ్వు ఊకో రామలింగం" అంది అత్తమ్మ.

నా ముఖం చూడలేదు. తొక్కుతో ఎర్రబారిన తన వేళ్ళ వైపు చూసుకుంటోంది. ఆవిడ కూడా ఈ అర్రలోనే, ఇదే చాప మీద, ఎన్ని వానాకాలాలు, ఎన్ని చలికాలాలు కూర్చుని లేచిందో. బయట చేరినప్పుడు తనను కన్న పిల్లను కూడా ముట్టనియ్యలేదని ఒకసారి ఎవరితోనో చెప్పగా విన్నాను. ఆ ముసలి ముఖంలో కోపం కోసం వెతికాను. కనబడలేదు. ఏదో పెద్దది, పేరు లేనిది ఆ ముఖం మీద మెల్లగా కదులుతోంది. నాకు జాడి ముందు తెలిసింది ఇప్పుడు ఆవిడకు కంచం ముందు తెలుస్తోందని అర్థమైంది.

అత్తమ్మ ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది.

"బండికి టైమైతాంది. పిల్లకు సద్ది కట్టు" అంది. "తొక్కు జర ఎక్కువెయ్యి, టీచరమ్మ గూడ తింటది."