పై నేలలో తలుపు

ద్యెప్ ఇంట్లో పై అంతస్తు నేలకు ఒక తలుపుండేది, మంచం పట్టేంత వెడల్పున. హోయ్ ఆన్ ఊళ్లో ఏటి ఒడ్డు పాత ఇళ్లకు అది మామూలే. వరదొస్తే కింది సామానుకు తాళ్లు కట్టి అందులోంచి పైకి లాగుతారు. మెట్లు ఇరుకు, పైగా మధ్యలో వంపు. మనిషే ఒరుసుకుంటూ ఎక్కాలి.

ముందుగదిని పట్టుబట్టల కొట్టు చేశాక ఆ తలుపు ద్యెప్‌కు కంట్లో నలుసైంది. సందుల్లోంచి దుమ్ము రాలి తెల్లపట్టు మాసిపోయేది. వడ్రంగిని పిలిచి పైన మేకులు దిగ్గొట్టించింది, కింద ఇనుప చట్రానికి నున్నటి సీలింగ్ వేయించింది.

"అక్కా, తాతలు బుర్రలేక పెట్టారా దాన్ని?" అన్నాడు తమ్ముడు ఖాంగ్.

"వాళ్లు దాల్చినచెక్క అమ్మార్రా. దుమ్ము పడితే ఎవడడిగాడు? నువ్వు నీ పడవ చూసుకో, కొట్టు నేను చూసుకుంటా."

"సరే తల్లీ. ఏరు నిన్నడిగే వస్తుందిలే."

ఆమె నవ్వేసింది. కొట్టు నిజంగానే కళకళలాడింది. వరదలు తగ్గిపోయాయని ఊరంతా ధీమాగా ఉన్న రోజులవి.

ఆ ఏడాది పదో నెలలో ఒక మధ్యాహ్నం నీళ్లు గడప దాటాయి. ద్యెప్ ముందుగా పట్టు తానులు ఎత్తుకుంది. పెళ్లివాళ్లవి, తడిస్తే పరువు పోతుంది. ఖాంగ్ పడవ కట్టేసి వచ్చేసరికి తానులన్నీ పైకి చేరాయి, నీళ్లు మోకాళ్లు దాటాయి. గోడవారన పెద్దల మందసం మాత్రం అలాగే ఉంది. ముత్తాత పనసచెక్కతో చేయించిన మందసం. ఇంట్లో పోయినవాళ్లందరికీ ధూపం వేసేది దాని ముందే.

ఇద్దరూ మోసుకెళ్తే మెట్ల వంపులో ఇరుక్కుంది. ఎటు తిప్పినా ఎక్కక మళ్లీ కిందికి దించారు. ఖాంగ్ గునపంతో సీలింగ్ పొడిచాడు. చట్రం చెక్కుచెదరలేదు. నీళ్లు ఛాతీకొచ్చాయి.

"వదిలెయ్యక్కా! మనం కూడా పోతాం!"

పెద్దల అనుమతి అడక్కుండా మందసంలోని ధూపపాత్రను కదపకూడదు. అడిగే తీరిక కూడా లేకపోయింది. ఆ పాత్ర ఒక్కటే గుండెకు హత్తుకుని పైకెక్కింది ద్యెప్. ముందు దీన్ని ఎత్తవలసింది, తానులనా ఎత్తింది!

సాయంత్రానికి కాళ్ల కింద చప్పుడు మొదలైంది. మందసం తేలి వచ్చి, మూసిన తలుపు కిందే సీలింగుకు తగులుతోంది. ఆగి ఆగి, ఎవరో తలుపు తట్టినట్టు.

"ఏమిట్రా అది?" తెలిసీ అడిగింది ద్యెప్.

ఆమె నేల మీద బోర్లా పడి, మేకుల మీద చెయ్యి వేసింది.

"నేనే మూసేశాను తాతా," అంటూ భోరున ఏడ్చింది.