ప్రేమలత పెట్టని సంతకం

మురళీమోహన్‌కు గుమ్మడిదలలో మందుల ఫ్యాక్టరీ ఉంది. పద్నాలుగు సీట్ల పాత విమానం ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలిసి, కొనేముందు పరీక్షించడానికి ప్రేమలతను పెట్టుకున్నాడు. ఆమెకు విమానాల మరమ్మతులో పన్నెండేళ్ల అనుభవం. ఆమె అన్న కుమార్ ఆ ఫ్యాక్టరీలోనే బాయిలర్ ఆపరేటర్.

శంషాబాద్ హ్యాంగర్‌లో రెండు రోజులు చూసింది. ఇంజన్లు బాగున్నాయి. తోలు సీట్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. మూడో రోజు విమానంలోని వంటగది దగ్గర కార్పెట్ ఎత్తి నేలపలక విప్పించింది. కింద అల్యూమినియం దూలానికి ఈ మధ్యే రంగు వేసినట్టుంది. గీకితే రంగుతోపాటు లోహం కూడా పొరలుగా లేచి తెల్లటి పిండి రాలింది. ఏళ్ల తరబడి నీళ్లు కారి పట్టిన తుప్పు అది. ఎవరో కావాలనే కప్పిపెట్టారు. ఆమెకు ఒళ్లు మండింది.

ఫోటోలు తీసుకుని నేరుగా పటాన్‌చెరు ఆఫీసుకు వెళ్లింది. మురళీమోహన్ వాటిని పైపైన చూశాడు.

“బ్రోకర్ చెప్పాడమ్మా. పాత విమానాలకి ఉండేదేనట. ఎగురుతూనే వచ్చిందిగా. నువ్వు సంతకం పెట్టెయ్, తర్వాత బాగుచేయించుకుందాం.”

“అంటే మీకు ముందే తెలుసా సార్?”

“తెలిస్తే ఏం? వచ్చే నెల మా మందులు కొనే జర్మనీవాళ్లని అందులోనే ఎక్కిస్తానని మాటిచ్చాను.”

“నేను పెట్ట.”

“మా ఫ్యాక్టరీలో వారం వారం ఎన్ని సంతకాలు పడతాయో తెలుసా? అన్నీ చూసే పెడతారా? మీ అన్నయ్యనడుగు. బుద్ధిమంతుడు.”

ప్రేమలత లేచి నిలబడింది. విమానం సంగతి మనసులోంచి పోయింది.

“మా అన్న బాయిలర్ పక్కన నిలబడ్తడు సార్. మీరు నిలబడరు.”

బయటికొచ్చి కారు పక్కనే నిలబడి, ఫోటోలన్నీ విమానం నడపబోయే పైలట్‌కు పంపింది.

ఇంటికి చేరేసరికి కుమార్ జొన్నరొట్టె తింటున్నాడు.

“అన్నా, బాయిలర్ సేఫ్టీ వాల్వు ఎప్పుడు చూసినవ్?”

“ఏందే, వచ్చుడుతోనే?”

“ఎప్పుడు చూసినవ్?”

కుమార్ రొట్టె తుంచడం ఆపాడు. “బాయిలర్ బందు చేసి విప్పాలె. బందు చెయ్యనిస్తలేరు. ఎనిమిది నెలలాయె.”

“మరి రిజిస్టర్ల?”

“చూసినట్టే రాస్తున్న. అందరు రాస్తరు.”

“సార్ మీద గుస్సతోని వచ్చిన. ఆయనకు గింత ధైర్యం ఎవలిచ్చిన్రో ఇప్పుడు సమజైంది. నువ్వే.”

“నౌకరి పోతే ఎట్ల బతకాలె?” కుమార్ గొంతు పెంచాడు.

“నాది ఇయ్యాల పోయింది. నీది గూడ పోనియ్. నీతోని పనిచేసెటోళ్లు తొమ్మిదిమంది ఉన్నరు గదా, వాళ్లకు ఎర్కనా?”

కుమార్ కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున అతను రిజిస్టర్‌లో “ఎనిమిది నెలలుగా చూడలేదు” అని రాసి, ఆ పేజీ తొమ్మిదిమందికీ చదివి వినిపించాడు. అందరూ గేటు బయటికొచ్చి కూర్చున్నారు. ఎవరు బెదిరించినా లోపలికి వెళ్లలేదు. మధ్యాహ్నానికి బాయిలర్ ఆపారు. విప్పి చూస్తే సేఫ్టీ వాల్వు కదలనంతగా బిగుసుకుపోయి ఉంది; ఆవిరి ఎక్కువైతే బాయిలర్ పేలిపోయేదే.

పైలట్ ఆ విమానం ఎక్కనన్నాడు. బేరం తప్పిపోయింది. కొత్త వాల్వు బిగించిన వారానికి కుమార్‌ను పనిలోంచి తీసేశారు.

ఆ వారమంతా అతను చెల్లెలితో మాట్లాడలేదు. తీసేసినరోజు వచ్చి అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఎనిమిది నెలలు ఆ బాయిలర్ పక్కన్నే కూసోని బువ్వ తిన్న,” అన్నాడు పళ్లు బిగించి.