నూట నలభై ఆరు మూతలు

ఆ ఊళ్ళో ఏటా ఒక ఆదివారం రోడ్లు మూసేసి కార్ల పందెం పెడతారు. దానికోసం కట్టిన మైదానమంటూ ఏదీ లేదు. మామూలు రోజుల్లో జనం బ్యాంకుకీ పళ్ళ డాక్టరు దగ్గరికీ పోయే రోడ్లే ఆ ఒక్కరోజు మూడున్నర కిలోమీటర్ల పందెపు బాట అవుతాయి. వచ్చినవాళ్ళంతా కార్ల వంక నోళ్ళు తెరుచుకుని చూస్తారు, గెలిచినవాణ్ణి ఆకాశానికెత్తేస్తారు. రోడ్డు మధ్యలో ఉండే డ్రైనేజీ మూతల్ని పట్టించుకునేవాళ్ళు మాత్రం ఇద్దరే ఇద్దరు. ఒకరు మూతల మేస్త్రీ, రెండోది ఆయన కూతురు.

నవ్వకండి. నేలకి బెత్తెడు ఎత్తులో, బాణంలా దూసుకుపోయే పందెపు కారు కిందనున్నదాన్నల్లా పైకి లాగేస్తుంది. అరవై కిలోల ఇనప మూత కూడా చిత్తుకాగితంలా లేస్తుంది. అందుకే పందేనికి మూడు రోజుల ముందునుంచి, బాటమీదున్న నూట నలభై ఆరు మూతల్నీ వాటి చట్రాలకి నాలుగేసి చోట్ల వెల్డింగ్ చేస్తారు. పందెం పొద్దున మేస్త్రీ ఒక్కో మూత దగ్గరా ఆగి, సుత్తితో ఒక్కటిచ్చి, చెవి ఒగ్గి వింటాడు. గట్టిగా ఉన్న మూత ఖంగుమంటుంది. పట్టు వదిలినదో పగిలినదో అయితే గొంతు పోయినవాడిలా బొంగురుగా పలుకుతుంది. అన్నీ విన్నాక ఆయన కాగితం మీద సంతకం పెట్టాలి. అది పడేదాకా రేసు అధికారి పచ్చజెండా ముట్టుకోదు.

ఆ మేస్త్రీకి రెండేళ్ళుగా చెవులు వినపడటం లేదు. ఈ సంగతి ఇంట్లో భార్యకీ కూతురికీ తప్ప ఊళ్ళో మరో ప్రాణికి తెలియదు.

భార్య దాన్ని పెద్ద విశేషంగా ఏమీ తీసుకోలేదు. "మీ నాన్న నా మాట ఎప్పుడు విన్నాడు గనక, ఇప్పుడు కొత్తగా తేడా తెలియడానికి?" అంది కూతురితో. కూతురు మాత్రం ఆ రోజునుంచి నాన్న పక్కనుంచి కదల్లేదు. ఆమె కూడా మునిసిపాలిటీలో వెల్డరే. పని నేర్పింది నాన్నే. ఎవరైనా నాన్నతో మాట్లాడితే ఆమె చటుక్కున ఎదురుగా వచ్చి నిలబడి, "అంటే నాన్నా, మూడో మలుపు దగ్గర బండి ఆపుకోమంటున్నారు" అని అదే మాట తిరిగి చెప్పేది. ఆయన ఆమె పెదాల్ని చదువుకుని తలాడించేవాడు. చూసేవాళ్ళకి, పెద్దాయనకి కూతురంటే ఎంత ఇదో అనిపించేది.

ఎందుకింత దాపరికం అంటే, ఈ పందెం చరిత్ర ఆయనకి తన ఒంటిమీది పుట్టుమచ్చల కంటే బాగా తెలుసు. కూతురు పుట్టిన ఏడే మొదటి పందెం. అప్పుడు మలుపుల్లో గడ్డిమోపులు అడ్డంపెట్టి, ఊళ్ళోని డబ్బున్నవాళ్ళు పైకప్పులేని రెండు సీట్ల కార్లతో పోటీపడ్డారట. జనం బాల్కనీల్లో కుర్చీలేసుకుని, ఆరేసిన బట్టలు పక్కకి నెట్టి మరీ చూశారట. నాలుగో ఏట వాన పడి, రోడ్డుమీది తెల్లగీతల మీద తొమ్మిది కార్లు గిర్రున తిరిగాయి. ఆ తర్వాతే గీతల రంగులో ఇసుక కలపడం మొదలైంది. తొమ్మిదో ఏట ఒకావిడ గెలిచింది. దర్జీల వీధి మలుపులో గోడకీ కారుకీ మధ్య అరచెయ్యి కూడా పట్టనంత దగ్గరగా, అరవైసార్లు ఒక్కలాగే తిప్పింది. అరవై ఒకటోసారి అద్దం రాసుకుపోయిన చార ఇంకా ఆ గోడమీదే ఉంది. సున్నం వేసేవాళ్ళు కూడా దాని జోలికి పోరు. మేస్త్రీ ఆ చార పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాడు. "చెయ్యంటే అదీ!" అంటాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా కూతురికి విసుగు రాలేదు. మెచ్చుకోవడం తెలిసిన మనిషి ఇంట్లో ఉండటం అదృష్టమని ఆమె నమ్మకం.

ఆరో ఏటి సంగతి మాత్రం ఆయన ఒక్కసారే చెప్పాడు. అప్పటికింకా వెల్డింగ్ లేదు. మూత బరువుకి అదే కదలకుండా ఉంటుందనుకునేవారు. ఆ పొద్దున డ్రైనేజీ శుభ్రంచేసి, ఒక మూతని స్వయంగా తనే పెట్టి, కాలితో నొక్కి, చేతులు దులుపుకుని వచ్చేశాడు. మధ్యాహ్నం ముందు కారు దాన్ని లేపేసింది, వెనకొస్తున్న ఎర్రకారు దానికి గుద్దుకుంది. ఆ డ్రైవరుకి రెండు కాళ్ళూ నుజ్జయ్యాయి. మళ్ళీ స్టీరింగు పట్టలేదు. ఎవరూ మేస్త్రీని పల్లెత్తు మాట అనలేదు. ఆయనే ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, మూతలన్నీ అతికించాల్సిందేనని పట్టుబట్టాడు. అందుకోసమే ముప్పై నాలుగేళ్ళ వయసులో వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏడు పందేలు జరిగాయి. ఒక్క మూత లేవలేదు.

అలాంటి మనిషితో నీకు వినపడదు, ఇంట్లో కూర్చో అని కూతురు ఎలా చెబుతుంది? ఈ ఒక్క ఏడు గడిస్తే తనే మానేస్తాడులే అనుకుంది. పక్కనే నడుస్తాను, ఇద్దరికీ నా చెవులే సరిపోతాయిలే అనుకుంది. నిరుడు అలాగే గడిచిపోయింది మరి.

తీరా పందెం పొద్దున, వంతెన దగ్గర ఇనపకంచె ఊడిందని, అతకడానికి కూతుర్ని రమ్మన్నారు. ఆమె పరుగున పోయి, ఆ పని ముగించుకుని వచ్చేసరికి మేస్త్రీ అరవై మూతలు ఒక్కడే కొట్టేసి, అరవై సుద్ద గుర్తులు పెట్టేసి, అరవై ఒకటో దాని దగ్గర వంగి ఉన్నాడు.

"అన్నీ బాగున్నాయా నాన్నా?" అని ఎదురుగా వచ్చి అడిగింది.

"బంగారంలా ఉన్నాయి," అన్నాడు.

వెనక్కెళ్ళి మళ్ళీ కొడదామని చెప్పబోయి ఆగింది. రేసు అధికారి అప్పుడే వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ వెనక ఒక కెమెరా మనిషి కూడా తయారయ్యాడు. ఎప్పట్నుంచో ఉన్న ఆచారం కదా అని, ఈసారి సుత్తి దెబ్బలు టీవీలో చూపిస్తున్నారు.

తొంభై దాకా ఆమె ఒళ్ళంతా చెవులు చేసుకుని వింది. అన్నీ ఖంగుమన్నాయి. దర్జీల వీధిలో, కార్లు అన్నిటికంటే జోరుగా పోయే చోట, తొంభై ఒకటో మూత మీద మేస్త్రీ సుత్తి పడింది. బొంగురుగా పలికింది. ఆయన తృప్తిగా తలాడించి, సుద్దతో గుర్తు పెట్టి, ముందుకి కదిలాడు.

కూతురి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. భుజం తట్టి సైగ చేద్దామా అనుకుంది. కెమెరా ఆయన ముఖం మీదే ఉంది. వెనక్కొచ్చి తనొక్కతే సరిచేద్దామా అనుకుంది. సంతకం పడ్డాక బాటమీదికి ఎవర్నీ రానివ్వరు. ఇప్పుడు ఆపితే నాన్న పరువు ఊరంతటి ముందూ పోతుంది. ఆపకపోతే ఇంకో గంటలో ఇరవై నాలుగు కార్లు ఈ మూత మీదుగా పోతాయి. కాళ్ళు పోయిన ఆ ఎర్రకారు మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా అతనే ఎదురుగా కూర్చుని తనవైపు చూస్తున్నట్టనిపించింది.

"ఆపండి," అంది. "ఇది బాలేదు."

అధికారి ఆగింది. అందరూ ఆగారని చూసి మేస్త్రీ వెనక్కి తిరిగాడు. "ఏమైందే?"

"మళ్ళీ కొట్టు నాన్నా."

కొట్టాడు. చుట్టూ చూశాడు. అధికారి కనుబొమలు ముడిపడ్డాయి. కెమెరా మనిషి కూడా కెమెరా పక్కనుంచి తల బయటపెట్టి మూత వంక చూస్తున్నాడు. ఈ పని ఓనమాలు తెలియనివాడికి కూడా వినపడింది. ఆ ముఖాలన్నీ చదివాక మేస్త్రీ నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయాడు.

కూతురు గ్రైండరుతో అతుకులు కోసింది. ఇద్దరూ ఇనపకడ్డీతో మూత లేపి తిరగేశారు. వెల్డింగ్ ఎక్కడికక్కడ చక్కగా ఉంది. పగిలింది మూతే. అతుకు పెట్టిన చోట మొదలై, బీట సగం దాటి లోపలికి పాకింది. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఆ బీట వెంట వేలు పోనిచ్చాడు. ఇరవై ఏడేళ్ళుగా ఏటా ఆ నాలుగు చోట్లే కాల్చి అతికించడం, పందెం అయ్యాక అక్కడే కోయడం. అతుకు వెంట్రుకవాసి పక్కకి పోయినా కూతుర్ని కోప్పడేవాడు, పనంటే ముచ్చటగా ఉండాలని. పాత పోత ఇనుము అన్నేళ్ళు ఒకేచోట కాలి కాలి పెళుసెక్కిపోయింది.

"నా పనితనమే దీన్ని తినేసింది," అన్నాడు.

"మేస్త్రీ గారూ, దీని బదులు ఉక్కు పలక వేసేస్తే సరిపోతుందా? గంటలో మొదలవ్వాలి," అంది అధికారి.

ఆయన తలెత్తాడు. కూతురు అలవాటుగా ఎదురుగా వచ్చి, "అంటే నాన్నా..." అని మొదలుపెట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మేడం, మీరన్నది నాకు వినపడలేదు. రెండేళ్ళుగా ఎవరేమన్నా వినపడటం లేదు. ఇది నా కూతురు నా కోసం దాచింది. దాని తప్పేం లేదు, దాస్తుంటే నేనే ఊరుకున్నాను. మొదటి అరవై మూతలూ నేనొక్కణ్ణే చూశాను. చూశానంతే, వినలేదు. మళ్ళీ మొదటినుంచి కొట్టాలి."

కెమెరా ముందు, ఊరంతా చూస్తుండగా, ఆ మాట అనడానికి ఆయన గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. కూతురికి కళ్ళు చెమర్చాయి. సిగ్గుతో కాదు. ఇంత మనిషిని రెండేళ్ళు తను గాజుబొమ్మలా దాచిపెట్టినందుకు.

"ఎంతసేపు?" అధికారి కూతుర్ని అడిగింది.

"రెండు గంటలు."

ఆవిడ స్టాండుల వంక చూసింది. ఇసకేస్తే రాలనంత జనం. తర్వాత రేడియో అందుకుని, "రెండు గంటలు ఆలస్యం. మూతల మేస్త్రీ ఆపారు," అంది. ఆ చివరి మాట చాలా మర్యాదగా అంది.

మైకులో చెప్పగానే జనం ఈలలూ గోలా మొదలుపెట్టారు. మేస్త్రీ తమ పక్కనుంచి పోతుంటే కొందరు నానా మాటలూ అన్నారు. వినపడకపోవడం వల్ల ఆయనకి ఆ రోజు జరిగిన మేలు అదొక్కటే. కూతురు సుత్తి పట్టుకుని ముందు నడిచింది, ఆయన ఆమె సామాన్ల సంచి మోసుకుంటూ వెనక నడిచాడు. ఎనిమిదోది బొంగురు. ఇరవై మూడోది బొంగురు. యాభై రెండోది, దెబ్బ పడగానే, అందరి కళ్ళముందే రెండు ముక్కలైంది.

అప్పుడు ఈలలు ఆగిపోయాయి.

పగిలిన నాలుగింటి బదులు ఉక్కు పలకలు అతికించి, నూట నలభై ఆరూ అయ్యాక అధికారి కాగితం మేస్త్రీకి ఇచ్చింది. ఆయన దాన్ని కూతురి చేతిలో పెట్టాడు. ఆమె సంతకం పెట్టింది.

మొదటి చుట్టు మేస్త్రీ ఎప్పుడూ చూడడు. అంత ధైర్యం లేదు ఆయనకి. దర్జీల వీధిలో సిమెంటు గోడ వెనక, బాటకి వీపు పెట్టి నిలబడి, ఒక్కో కారూ దాటిపోయే చప్పుడు లెక్కపెట్టుకునేవాడు. నిరుడు మాత్రం కూతురు పక్కన నిలబడి, ఎవరి కంటా పడకుండా ఆయన అరచేతిలో వేలితో నొక్కి లెక్క చెప్పింది. ఈసారీ చెయ్యి పట్టుకోబోయింది. ఆయన వెనక్కి లాక్కున్నాడు.

"నోటితో చెప్పు. ఇంకెవరి దగ్గర దాస్తాం?"

ఆమె ఆయనకి ఎదురుగా వచ్చి, ఆయన భుజం మీదుగా రోడ్డు వంక చూస్తూ నిలబడింది. ఆయన కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి. నేల అదిరింది. "ఒకటి!" అని అరిచింది. "రెండు! మూడు!" కార్లు రంగు రంగు గీతల్లా కొత్త పలక మీదుగా దూసుకుపోతున్నాయి. ఎంత అందంగా పోతున్నాయో చెప్పడానికి వ్యవధి లేదు. పదకొండు, పన్నెండు, పదిహేడు. గొంతు పగిలిపోయేలా అరిచింది. "ఇరవై మూడు!"

ఇరవై నాలుగోది రాలేదు.

ఆమె నోరు తెరిచే ఉంది. మాట లేదు. ఆయన కళ్ళు ఆ పెదాల మీంచి కదల్లేదు. ఊపిరి కూడా తీసుకోవడం లేదు. వీధి ఖాళీగా ఉంది. ఒక క్షణం, రెండు, ఐదు, ఎనిమిది. అప్పుడు మలుపు తిరిగి, మొదట్లోనే ఇంజను మొరాయించిన ఒక పచ్చకారు దగ్గుకుంటూ వచ్చింది. వచ్చి, ఉక్కు పలక మీదుగా దాటి, జోరందుకుని పోయింది.

"ఇరవై నాలుగు! అందరూ దాటారు నాన్నా!"

పక్కనున్న జనమంతా ఆమె వంక తిరిగి చూశారు. చూడనీ అనుకుని, ఇంకోసారి, ఇంకా గట్టిగా అరిచి చెప్పింది. ఆయన గుండెనిండా ఊపిరి పీల్చుకుని, కళ్ళు తుడుచుకుని, పందెం చూడ్డానికి బాట వైపు తిరిగాడు.