ఉంగరపు వేలికి నూనె

మా తోడికోడలు మెర్లిన్ ఆ పెట్టెతో స్కూటీ దిగే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. పెట్టె పెద్దదేమీ కాదు, రెండు గిన్నెల క్యారియరంత ఉంటుంది. అయినా రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, ఎదురింటివాళ్ళు చూసేదాకా గేటు దగ్గర ఆగి, అప్పుడు లోపలికి వచ్చేది.

ఆ పెట్టెలో చిన్న యంత్రం, దాని పక్కన డబ్బా నిండా చిప్పులు. చిప్పు అంటే బొటనవేలంత గాజుపలక. అందులో వెంట్రుకంత సన్నని కాలువలు వంపులు తిరిగి ఉంటాయి. వేలి నుంచి ఒక చుక్క వేస్తే, ఆ వంపుల్లో పరుగెత్తే రక్తంలోంచి పెద్దవైన తెల్లకణాలు ఒక పక్కకు, చిన్నవైన ఎర్రకణాలు ఇంకో పక్కకు విడిపోతాయి. యంత్రం తెల్లవాటిని లెక్కపెట్టి ఫోనులో చూపిస్తుంది. మెర్లిన్ ఆ అంకెను నెల్లూరులోని ఆసుపత్రికి పంపుతుంది. ఆరు నెలలు వాడి చూడమని ఆ ఆసుపత్రి వాళ్ళే మా జువ్వలదిన్నెకు ఒకటి ఇచ్చారు.

మా అత్తగారు మగ్దలీనమ్మకు రొమ్ము క్యాన్సర్. మూడు వారాలకోసారి మందు ఎక్కించాలి. ఎక్కించే ముందు తెల్లకణాలు మూడు వేలు దాటి ఉండాలన్నారు డాక్టరు. దాటకపోతే ఒక వారం ఆగాలి. తక్కువగా ఉన్నప్పుడు ఎక్కిస్తే చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి మూడుసార్లు ఆ ఒక్క అంకె కోసం బిట్రగుంట దాకా ఆటోలో, అక్కడి నుంచి రైల్లో ఆమెను నెల్లూరు తీసుకెళ్ళింది నేను. దారిలో వాంతి వస్తే పట్టడానికి సంచిలో పాత బేసిన్ మోసుకెళ్ళింది నేను.

నేను కావలిలో బి.ఎస్సీ. చదివాను. మైక్రోస్కోపు కింద తెల్లకణాన్ని చూసి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మెర్లిన్ ఇంటరు రెండోసారికి గట్టెక్కింది. యంత్రం నడపడానికి ఊళ్ళో ఒక మనిషి కావాలన్నప్పుడు నేను పేరిస్తానన్నాను.

"నువ్వు ఊళ్ళెంట తిరిగితే అమ్మను ఎవురు చూస్తారు?" అన్నాడు మా ఆయన హెబ్రోను.

నిజమే. అత్తను చూసుకునేదాన్ని నేను కాబట్టి, అత్త రక్తం చూసే పని మెర్లిన్‌కు వెళ్ళింది.

సోమవారం అయిదోసారి మందు ఎక్కించాలి. మెర్లిన్ శనివారం పొద్దున వచ్చింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారి గంజి కలుపుతున్నాను.

"వందనాలత్తా! ఎట్టుండావు?"

"రా తల్లీ, మా ఇంటి డాక్టరమ్మా! అబీ, పాపకు టీ పెట్టు."

పాపకు ఇరవై తొమ్మిదేళ్ళు.

"పోయినసారి నువ్వు గుచ్చింది చీమ కుట్టినట్టు కూడా లే. అబిగయీలు తీసుకపోతే రైల్లోనే నా నడుం పడిపోయేది," అంది అత్తగారు. రైలును నేనే నడిపానన్నట్టు.

"చేతులు కడుక్కున్నావా అత్తా?"

"సబ్బుతోనే కడిగినా."

మెర్లిన్ పెట్టె తెరవడానికి అటు తిరిగింది. అత్తగారు దిండు కిందికి చెయ్యి పోనిచ్చి ప్రార్థన నూనె సీసా తీసింది. ఏ పరీక్షకైనా ముందు సూది దిగే చోట ఆ ఒలీవ నూనె రాసుకోవడం ఆమె అలవాటు. నెల్లూరు వెళ్ళేటప్పుడు మోచేతి మడతకు రాసుకునేది. అక్కడ నరంలోంచి సిరంజితో తీసేవాళ్ళు కాబట్టి ఏ ఇబ్బందీ లేకపోయింది. వేలి చుక్క అలా కాదు, చర్మం మీద ఉన్నది కూడా అందులో కలిసిపోతుంది. అందుకే పోయినసారి, మెర్లిన్ రాకముందే, నేను వేణ్ణీళ్ళతో ఆ వేళ్ళు తోమి, తుడిచి కూర్చోబెట్టాను. అది ఎవరూ చూడలేదు. చీమ కుట్టినట్టు కూడా లేదన్న మెప్పు మాత్రం మెర్లిన్‌కు దక్కింది.

ఈసారి నేను తోమలేదు. ఆమె కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, ఉంగరపు వేలి కొసకు నూనె రుద్దుకోవడం చూశాను. నోరు తెరవలేదు. నూనె కలిస్తే యంత్రం తప్పని చూపిస్తుంది, మెర్లిన్ ముఖం మాడుతుంది, ఎందుకని అందరూ నన్ను అడుగుతారు, అప్పుడు చెబుదామనుకున్నాను. గంజి కలుపుతూనే ఉన్నాను.

మెర్లిన్ స్పిరిట్ దూదితో వేలిని ఒక్కసారి తుడిచి గుచ్చింది. చుక్క చిప్పు మీద పడింది. గంజి గిన్నెతోనే దగ్గరికి వెళ్ళి చూస్తే, చారు మీద తాలింపు నూనె తేలినట్టు దాని అంచున సన్నని మెరుపులు నాకు కనిపించాయి. ఆమెకు కనిపించలేదు. పది నిమిషాలు గడిచాయి. యంత్రం తప్పని అనలేదు.

"నాలుగువేల నూరు!" అని ఎగిరింది మెర్లిన్. "అత్తా, సోమవారం పోవచ్చు!"

"ప్రభువా, నీకు స్తోత్రం. ఈ పిల్ల చెయ్యి మంచిది."

నా చేతిలో గరిటె ఆగింది. నాలుగు రోజులుగా ఆమె నోరంతా పుళ్ళు. నిన్న సాయంత్రం ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. అలాంటి ఒంట్లో నాలుగు వేలా? ఆ కాలువలు కణాన్ని గుర్తుపట్టవు, పరిమాణాన్నే చూస్తాయి. చితికిన నూనె బొట్లు తెల్లకణాలంత ఉంటే, వాటినీ ఆ పక్కకే తోసి ఉంటాయి. మెర్లిన్ బొటనవేలు ఫోను మీదికి వెళ్తోంది.

"పంపొద్దు మెర్లిన్."

"ఏందక్కా?"

"అత్త వేలికి నూనె ఉండాది. ఆ లెక్క తప్పు."

అత్తగారి ముఖం ఎర్రబడింది. "ప్రార్థన నూనె చెడుపు చేస్తదా? ఆ పిల్ల నోట ఒక మంచిమాట వస్తే ఓర్చుకోలేవు నువ్వు."

"ఓర్చుకోలేను అత్తా. అయినా లెయ్యి, చెయ్యి కడుగుదాం."

 పెరట్లో కుళాయి దగ్గర రెండో చెయ్యి సబ్బుతో మూడుసార్లు తోమి, ఉతికిన తువాలుతో తడి లేకుండా తుడిచాను. మెర్లిన్ కొత్త చిప్పు తీసింది.  గుచ్చి, మొదటి చుక్కను దూదితో తుడిచేసి, రెండోది వేసింది. ఆ చుక్క మందారం రంగులో, మెరుపులేమీ లేకుండా కుదురుగా నిలిచింది.

పంతొమ్మిది వందలు.

 మెర్లిన్ రెండు అంకెలూ పంపి, మొదటిది ఎందుకు తప్పయిందో నన్నే అడిగి రాసింది. ఆసుపత్రి నుంచి జవాబు వచ్చింది. సోమవారం రావద్దు, ఒళ్ళు వేడెక్కితే మాత్రం వెంటనే రండి అని.

"నువ్వెప్పుడు చూసినావక్కా?" అంది మెర్లిన్, తల ఎత్తకుండా.

"నువ్వు పెట్టె తెరిచేటప్పుడు."

"గుచ్చకముందే చెప్పుండొచ్చు గదా."

"చెప్పుండొచ్చు."

అత్తగారు నా వంకే చూస్తూ ఉంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

మెర్లిన్ టీ తాగకుండానే లేచింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి, "మళ్ళీ శనివారం వస్తా. చెయ్యి నువ్వే కడిగి పెట్టు," అంది. ఆ పెట్టెను ఎప్పటిలాగే రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది. నాకు ఎప్పటిలాగే ఒళ్ళు మండింది.

లోపలికి వచ్చేసరికి అత్తగారు రెండు చేతులూ ఒళ్ళో చాచి కూర్చుని ఉంది. రెండు ఉంగరపు వేళ్ళకూ దూది.

"ఇప్పుడు రాసుకోవచ్చునా?"

దిండు కింద నుంచి సీసా తీసి, గుచ్చిన రెండు వేళ్ళూ వదిలి, మిగతా ఎనిమిదింటికీ నేనే రాశాను.