ఆపు, వైపు

కుర్ర పైలట్లు ఆయన వెనకాల గద్ద సార్ అనేవారు. కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్లు నడపడంలోనే ఆయన తల నెరిసింది. ఇప్పుడు తమ స్థావరానికే పెద్ద. కాగితాలు ఎన్ని వచ్చి మీద పడ్డా, వారానికి రెండుసార్లయినా గాల్లోకి లేవందే ఆయనకు అన్నం సయించదు. అలా ఎగరడానికి ఏటా వైద్యులు అనుమతి ఇవ్వాలి. ఆ పరీక్ష ఈ ఉదయమే.

గత రెండేళ్లూ చెవుల పరీక్షలో ఆయన నెగ్గింది చెవులతో కాదు, కళ్లతో. చప్పుడు వినబడితే మీట నొక్కమంటారు. అద్దం అవతల చప్పుడు పంపే టెక్నీషియన్ భుజం కదిలినప్పుడల్లా ఈయన నొక్కేవారు. ఇంట్లో టీవీ గోల పడలేక భార్య, గోడలకైనా చెవులుంటాయంటారు, మీకే లేవని దెప్పేది. ఆయన నవ్వేసి ఊరుకునేవారు.

నిన్నటిది నవ్వేసి ఊరుకునే సంగతి కాదు.

సముద్రం మీద అభ్యాసం. నీళ్లలోంచి మనిషిని పైకి లాగేటప్పుడు పైలట్‌కు సరిగ్గా కింద ఏముందో కనబడదు. తలుపు దగ్గర వంగి తాడు దించేవాడి మాటలే అతనికి కళ్లు. ఆ పని చేసేవాడి ముద్దుపేరు కొక్కెం. పద్దెనిమిదేళ్లుగా ఈయనతోనే ఎగురుతున్నాడు. నిన్న తాడు చివర మనిషి బదులు ఇసుక నింపిన బొమ్మ, కింద ఓ పాత పడవ ఉన్నాయి. "ఎడమ వైపు... వైపు... ఆపు" అన్నాడు కొక్కెం. ఈయనకు మూడోది కూడా "వైపు" అనే వినబడింది. ఇంకో రెండు బారలు జరిపారు. బొమ్మ వెళ్లి పడవ స్తంభానికి కొట్టుకుంది. మెడ చిరిగి ఇసుకంతా కారిపోయింది.

కొక్కెం తప్పంతా గాలి మీదికి నెట్టి రిపోర్టు రాశాడు. గద్ద సార్ ఇంకా సంతకం పెట్టలేదు.

ఆసుపత్రి వరండాలో కొక్కెం వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నిన్న గాలి ఎంత ఉందిరా?"

"ఆకు కూడా కదల్లేదు సార్."

"మరి అలా రాశావేం?"

"మీరు దిగిపోతే కుడీ ఎడమా నేనెవరికి చెప్పుకోను?"

"ఆ తాడు చివర నువ్వే ఉంటే?"



లోపలికి పిలిచారు. గద్ద సార్ కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నారు. ఇదేమిటని టెక్నీషియన్ అడిగితే, గోడకు చెవులుంటాయట, సాయం పడుతుందేమోనన్నారు. కళ్లు మూసుకున్నారు. మొదట్లో నాలుగైదు చప్పుళ్లు వినబడ్డాయి. తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం ఎంతకీ తెమలకపోయేసరికి ఆయనకు ఫలితం అర్థమైపోయింది. మీట మీద వేలు అలాగే ఉంది కానీ నొక్కలేదు.

మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి గాలి రిపోర్టును వెనక్కి పంపారు. జరిగింది తన చేత్తో రాసి, తప్పు తన చెవిదేనని సంతకం పెట్టారు. తర్వాత రెండు వరుసల ఉత్తర్వు రాశారు. ఇక నుంచి తాడు దించేటప్పుడు "ఆపు" అనే మాట ఎవరూ వాడకూడదు, "నిలు" అనాలి.

కొక్కెం గుమ్మంలో నిలబడి అది చదివాడు. గద్ద సార్ లేచి కిటికీ వైపు తిరిగారు. బయట హెలికాప్టర్ ఇంజన్ వేడెక్కుతోంది.

"అని చూడు."

కొక్కెం గొంతు సవరించుకుని మెల్లగానే అన్నాడు. "నిలు... సార్."

"వినబడింది," అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.