ఒక్క నాణెపు చావు

మా దుకాణంలో మూలనున్న ఆ ఆటపెట్టె పేరు కగెనుకి. నింజా కథట. కథా లేదు, కాకరకాయా లేదు. నల్లగుడ్డలు చుట్టుకున్న ఒకడు ఇళ్ళ పైకప్పుల మీద పరుగెత్తుతాడు, కాలు జారి నదిలో పడి చస్తాడు. మళ్ళీ పరుగెత్తుతాడు, మళ్ళీ చస్తాడు. ఈ సంబడానికి పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళు మధ్యాహ్నం తిండి మానుకుని వచ్చి, వంద యెన్ల నాణెం వేసి మరీ చచ్చిపోతారు. కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

క్యోబాషి బజారులో మా ఆయన పెట్టిన దుకాణం ఇది. ఆయన పోయాక పదకొండేళ్ళుగా గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. గల్లా పక్కన దారానికి ఒక నోటుపుస్తకం వేలాడుతూ ఉంటుంది. ఆడి చచ్చినవాళ్ళు అందులో తమ చావు కబురు రాసిపోతారు. "ఈరోజు రెండో కోట దగ్గర తొందరపడ్డాను. సిగ్గుగా ఉంది." "మూడో మెట్టులో గొడుగు ముసలమ్మ చేతిలో పోయాను. తప్పు నాదే." ఏదో నిజంగా కత్తి పట్టి యుద్ధానికి వెళ్ళొచ్చినట్టు! ఇంట్లో బొద్దింకను చూస్తే పెళ్ళాన్ని పిలిచే రకాలు.

ఆ గొడుగు ముసలమ్మ ఆటలో మూడో మెట్టు వచ్చేసరికి వంతెన మీద నిలబడి ఉంటుంది. దగ్గరకెళితే గొడుగు తెరిచి నదిలోకి తోసేస్తుంది. నూటికి తొంభై మంది అక్కడే ఆఖరు.

"మన పిన్నిని చూసే గీశార్రా దాన్ని!" అంటాడు టాక్సీ నిషివాకి.

"నా చేతిలో గొడుగుంటే ముందు నిన్నే తోసేదాన్ని. బండి రోడ్డు మధ్యలో ఆపొచ్చావు, వెళ్ళి తియ్యి" అంటాను.

వీళ్ళ పిచ్చిలో పెద్దపిచ్చి ఇంకొకటుంది. చచ్చాక తెర మీద పది నుంచి అంకెలు తగ్గుతాయి. ఆ లోపల ఇంకో నాణెం వేస్తే చచ్చినచోటే లేచి ఆడుకోవచ్చు. దారినపోయే పిల్లలు హాయిగా అలాగే ఆడతారు. ఈ మొండిఘటాలకు మాత్రం అది పరువు తక్కువ. ఒక్క నాణెంతో మొదటి నుంచి చివరిదాకా వెళ్ళాలి. లేదంటే జేబులో చిల్లర గలగలలాడుతున్నా, చేతులు ఒళ్ళో పెట్టుకుని అంకెలు సున్నాకి వచ్చేదాకా చూసి, పెట్టెకి దణ్ణం పెట్టి లేచిపోవాలి. వ్రతానికైనా ఇంత నిష్ఠ ఎవరూ చూపించరు.

అందరికంటే ముదిరినవాడు కురమోచి-సాన్. యాభై దాటాడు. అన్నం వండే కుక్కర్ల కంపెనీలో క్షమాపణల ఉద్యోగం. మూత ఊడినా, అన్నం మాడినా, కొన్నవాళ్ళింటికి యోకాన్ మిఠాయి పెట్టె పట్టుకెళ్ళి, నడుము వంచి తిట్లు తిని రావాలి. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య మా దుకాణానికొస్తాడు. మిఠాయి పెట్టెను జాగ్రత్తగా ఆటపెట్టె మీద పెడతాడు, ఒక్క నాణెం వేస్తాడు, చస్తాడు, పుస్తకంలో రాస్తాడు, తిట్లు తినడానికి వెళతాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా, ఆట చివర చంపాల్సిన ప్రభువు ముఖం చూడలేదు.

ఆ ఆటపెట్టెను శనివారం తీసుకుపోతామని అద్దెకిచ్చినవాళ్ళు చెప్పారు. దాని చోట బొమ్మల్ని కొక్కెంతో పట్టే పెట్టె వస్తుంది. పీడా పోయిందనుకున్నాను. ముగింపు చూడకుండానే పోతుందని కురమోచి-సాన్ ముఖం మాత్రం పీక్కుపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. వంతెన దాటాడు. ముసలమ్మ గొడుగు తెరిచేలోపే దూకేశాడు. నాలుగో మెట్టు, ఐదో మెట్టు కూడా అయిపోయాయి. నిషివాకి నోట్లో సిగరెట్టు వెలిగించుకోవడం మరిచిపోయాడు. నేను కూడా లేచి వెళ్ళి వెనకాల నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో అడక్కండి.

చివరి ప్రభువు వచ్చాడు. ఒక్క దెబ్బ మిగిలింది. ఒకే ఒక్క దెబ్బ. అప్పుడు మనవాడే చచ్చాడు.

పది. తొమ్మిది. ఎనిమిది.

"వెయ్యవయ్యా నాణెం! రేపుండదిది!" అన్నాను.

కురమోచి-సాన్ కదల్లేదు. ఆట ఆడే కడ్డీ మీద చేతులు అలాగే బిగుసుకుపోయాయి. ఐదు. నాలుగు. నా ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళు! గాడిదైనా ఈపాటికి నేర్చుకునేది. ఏప్రన్ జేబులోంచి నాణెం తీసి, వంగి, నేనే వేసి మీట నొక్కేశాను.

నింజా లేచాడు. అలవాటుపడ్డ చేయి కదా, దానంతటదే ఆడింది. ప్రభువు కూలిపోయాడు. తెర మీద కొండ వెనక సూర్యుడు లేచాడు, మూడు వాక్యాలు వచ్చాయి, పేర్లు వచ్చాయి. అంతే ముగింపు. నిషివాకి చప్పట్లు కొట్టి ఈల వేశాడు.

కురమోచి-సాన్ లేచాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పిన్నిగారూ, నేను చచ్చిపోయాను కదండీ."

"అయితే ఏం? గెలిచావుగా! ముగింపు చూడాలని ఏడ్చావు, చూశావు."

"రోజంతా ఎవరో చేసిన తప్పుకి నేను తల వంచుతానండీ. మూత బిగించింది నేను కాదు, తీగ చుట్టింది నేను కాదు. ఇక్కడొక్కచోటే చచ్చినా నా తప్పుకే చస్తాను. గెలిస్తే అది కూడా నాదే అయ్యుండేది." గొంతు పెంచలేదు. నాకే వంగి దణ్ణం పెట్టి, పుస్తకంలో ఏదో రాసి, మిఠాయి పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

"చాదస్తం!" అన్నాను. నిషివాకి నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

పుస్తకం తీసి చూశాను. "శుక్రవారం. ప్రభువు దగ్గర చచ్చాను. తప్పు నాదే. ముగింపు చూడలేదు." కళ్ళారా చూసినవాడు చూడలేదని రాశాడు. అబద్ధాలకోరు అని తిట్టుకున్నాను. గల్లా సర్దుతూ తిట్టుకున్నాను, ఇంటికెళ్ళి గిన్నెలు కడుగుతూ తిట్టుకున్నాను. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నానని తెలిసేసరికి, తిట్టాల్సింది అతన్ని కాదని కూడా తెలిసిపోయింది. నాకు చాలా సిగ్గేసింది.

శనివారం లారీ వచ్చింది. బొమ్మల పెట్టెను దించనివ్వలేదు.

"ఆ పాతదాన్ని ఎవరాడతారు పిన్నీ?" అన్నాడు డ్రైవరు.

"బుద్ధిలేనివాళ్ళు చాలామందే ఉన్నారు. నువ్వు బండి తిప్పుకో" అన్నాను.

సోమవారం పొద్దున్నే యోకాన్ మిఠాయి కొన్నాను. గట్టి కాగితం చుట్టించి ముడి వేయించాను. మధ్యాహ్నం కురమోచి-సాన్ వచ్చాడు, పెట్టె పోయిన చోటు చూసి వెళ్దామని కాబోలు. మూలన తెర వెలుగుతూ కనబడేసరికి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను ఎదురెళ్ళి, రెండు చేతులతో మిఠాయి పెట్టె ముందుకు చాచి, నడుము వంచాను.

"శుక్రవారం తప్పు నాది. మీ చావు నేను లాక్కున్నాను. క్షమించండి."

ఎంతసేపటికీ పెట్టె అందుకోడు. తలెత్తి చూశాను. అందుకోబోతాడు, వెనక్కి తీస్తాడు, తనే వంగబోతాడు. ఇరవయ్యారేళ్ళలో ఇటువైపు నిలబడ్డం అతనికిదే మొదలు.

"తీసుకోవయ్యా, నడుము పోతోంది!" అన్నాను.

"తీసుకునేటప్పుడు ఏమంటారండీ? నన్నందరూ తిట్టేవాళ్ళే."

"అయితే తిట్టు."

నా నడుముకేసి చూశాడు. "పిన్నిగారూ, మీరు వంగడం సరిగ్గా లేదండీ. ఇంకో జానెడు కిందికి దిగాలి. మూడు లెక్కపెట్టేదాకా లేవకూడదు."

ఒళ్ళు మండింది. అయినా వంగాను. మూడు లెక్కపెట్టాను. నా చేతుల్లోంచి బరువు పోయింది.

రెండు మిఠాయి పెట్టెలూ ఒకదాని మీద ఒకటి ఆటపెట్టె మీద పెట్టాడు. ఒకటి తను ఇవ్వాల్సింది, ఒకటి తనకొచ్చింది. ఒక్క నాణెం వేశాడు. మూడో మెట్టు వంతెన మీద ముసలమ్మ గొడుగు తెరిచింది. బుడుంగుమని నదిలో పడ్డాడు, వెధవది, కొత్తగా వచ్చినవాడిలా.

పది. తొమ్మిది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

సున్నా అయ్యాక వెనక్కి తిరిగి, "తప్పు నాదేనండీ" అన్నాడు. జీతం పెరిగినవాడి ముఖంలో కూడా అంత సంతోషం నేను చూడలేదు.