మిరపచేలో నిద్ర

మా తోడికోడలు మస్తానమ్మ నడుస్తూ నిద్రపోయేది. అబద్ధం కాదు, నేను వెనకాలే నడిచేదాన్ని కాబట్టి కళ్ళారా చూశాను. చేలకు పోయే డొంకలో కాళ్ళు వాటి దారిన అవి పోతుండేవి, తల మాత్రం వాలిపోతుండేది. ముల్లు గుచ్చుకుంటేనో, రాయి తగిలితేనో ఉలిక్కిపడి "ఆఁ, వస్తున్నా, వస్తున్నా" అనేది, ఎవరూ పిలవకుండానే.

అవి యుద్ధం రోజులు. దుర్గి అవతల మా ఊళ్ళో దీపంలోకి కిరసనాయిలు కూడా కరువే. నేను కొత్తగా కాపురానికి వచ్చాను, ఇంకా పిల్లలు లేరు. మస్తానమ్మకు ఇద్దరు. పెద్దవాడికి కోరింత దగ్గు. చంటిదానికి ఇంకా బోర్లా పడటం కూడా రాలేదు. వాడి దగ్గుకు ఇది లేచేది, దీని ఏడుపుకు వాడు లేచేవాడు, ఇద్దరికీ ఆమే లేవాలి. మా బావ పున్నారావు మాచర్ల స్టేషనుకు నాపరాళ్ళ బండి తోలేవాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. కోడి కూసేసరికి మేమిద్దరం తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసరాలి. ఒక్కోసారి పిడి మీద ఆమె చెయ్యి ఉండేది గానీ, ఆ చేతిలో బలం ఉండేది కాదు. సరేలే అని నేనే తిప్పేదాన్ని.

పగలు ఒక కునుకు తీద్దామంటే మా అత్త మాణిక్యమ్మ ఒప్పుకునేది కాదు. ఇంటి కోడలు పగటిపూట పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదని ఆమె నమ్మకం. చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఆమెను వాళ్ళ అత్త ఎలా నడిపించిందో, ఆమె మమ్మల్ని అలా నడిపించింది.

"ఏందే, గోడకు ఆనుకున్నావ్? పడిపోద్దని పట్టుకున్నావా?" అని అడిగేది.

"లేదత్తా, గోడే నన్ను పట్టుకుంది," అని నవ్వేది మస్తానమ్మ. ఆ నవ్వు కూడా సగంలో ఆవులింతయ్యేది.

ఆ రోజుల్లో చంటిపిల్లలకు నల్లమందు వేసేవాళ్ళు. ఇప్పటి తల్లులు వింటే గుండెలు బాదుకుంటారు. మరి చేలో పని ఉన్న మనిషి ఏం చేస్తుంది? ఆవగింజ కన్నా చిన్న ముక్క చనుబాలలో అరగదీసి, వేలితో నాలుకకు రాస్తే పిల్ల మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. ఊళ్ళో అందరూ చేసే పనే.

ఆ పొద్దు మా కౌలుచేలో మిరపకాయ కోత. ఆకాశం మబ్బు పట్టింది. వాన పడితే కాయంతా కుళ్ళిపోతుంది, ఏడాది కష్టం బురదపాలవుతుంది. అందుకని ఇద్దరం చీకటితోనే బయలుదేరాం. చేను చేరగానే మస్తానమ్మ తుమ్మకొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టింది. కొంగుముడిలోంచి మందు తీసి, అరగదీసి, పిల్ల నాలుకకు రాసి, నాలుగు ఊపులు ఊపి నా పక్క సాలులోకి వచ్చింది.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి అత్త పెద్దవాణ్ణి చంకనేసుకుని, సంగటి గంప ఎత్తుకుని వచ్చింది. గంప దించుతూనే ఉయ్యాలలోకి తొంగి చూసింది.

"ఇది పాలకు లేవలేదా?"

"లేదత్తా. ఇయ్యాల చానా బాగా పండుకుంది," అంది మస్తానమ్మ సంబరంగా.

అత్త పిల్లను ఎత్తింది. తల వెనక్కి వాలిపోయింది. బుగ్గ తట్టింది, అరికాలు గిల్లింది. పిల్ల మూలగను కూడా లేదు.

"ఏమే, మందు ఎంత ఏశావే?"

"ఎప్పుడూ ఏసేంతే."

"ఎప్పుడు ఏశావు?"

"ఇక్కడికొచ్చినాక."

"ఇక్కడికొచ్చినాకా? మరి తెల్లారగట్ల తిరగలి కాడ ఏసింది ఏంది? నా కళ్ళతో చూశాను గదే!"

మస్తానమ్మ నా వైపు తిరిగింది. "నేనా? చెల్లే, నేను ఏశానా?"

నేను అప్పుడు పిండి ఎత్తడానికి లోపలికి పోయాను, చూడలేదు. కానీ ఆమె ముఖం చూస్తే తెలిసింది, దాచడం లేదు. ఆ తెల్లవారుజాము ఆమె తలలో లేనే లేదు. మనిషి నిద్రలో ఉండగానే చేతులు వాటి అలవాటు పని చేసేశాయి.

ఆమె అక్కడికక్కడే కూలబడబోయింది. అత్త రెక్క పట్టి లేపింది.

"కూలబడితే చంపుతా. ఒసేయ్ చిన్నదానా, నీళ్ళు తే!"

డాక్టరంటే మాచర్ల పోవాలి. బండి మా బావతో వెళ్ళిపోయింది. కుండలో నీళ్ళు ముఖాన చల్లాం. పిల్ల కనురెప్పలు కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి. ఒక ఊపిరి తీసి, తర్వాతది తీయడం మరిచిపోయినట్టు ఆగిపోతోంది. అలా ఆగినప్పుడల్లా మా ముగ్గురి ఊపిరీ ఆగేది.

మిరపకాయ కోసిన చేతులు ఎలా మండుతాయో మా వైపు ఆడవాళ్ళకు తెలుసు. మజ్జిగతో కడిగినా పోదు. ఆ చేతులతో పసిపిల్లల జోలికే పోము.

"నీ చెయ్యి ఇట్టా తేవే," అంది అత్త మస్తానమ్మతో. "దీని మూతికి రుద్దు."

"అత్తా! మండుద్ది!"

"మండనీ. మండితే ఏడుస్తది. ఏడిస్తే మనకుంటది."

"నా వల్ల కాదత్తా..."

నేను నా చెయ్యి చాపాను. అంతలోనే మస్తానమ్మ నన్ను పక్కకు నెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, తన వేళ్ళతో పిల్ల పెదవులు రుద్దింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ చిన్న ముఖం ముడుచుకుంది. పిల్లిపిల్ల అరిచినంత ఏడుపు వచ్చింది.

"ఇంకా రుద్దు. పండుకోనియ్యమాక!"

కళ్ళు వాలినప్పుడల్లా అదే పని. పిల్ల ఏడుస్తుంటే తల్లీ ఏడ్చేది, "తప్పమ్మా, తప్పు తల్లీ" అంటూనే రుద్దేది. పొద్దు వాలేవేళకు పిల్ల కాళ్ళు తన్నుకుంటూ, పిడికిళ్ళు బిగించి, గొంతు చించుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఇక ఆపడం లేదు. రొమ్ము కోసం తడుముకుంది కూడా.

"ఏడు నా బంగారూ, ఊరంతా లేచొచ్చేట్టు ఏడు," అంటూ అత్త పిల్లను భుజాన వేసుకుంది.

అప్పుడు చూస్తే మస్తానమ్మ కాయరాశి పక్కన ఉత్తనేల మీద పడి నిద్రపోతోంది. పిల్ల కాస్త మసిలినా లేచే మనిషి, అంత ఏడుపుకూ కదల్లేదు. మబ్బు కమ్ముకొస్తోంది, ఇంకా సగం చేను కోయాలి. నేను వంగి లేపబోయాను.

"దాన్ని ముట్టుకోమాక," అంది అత్త.

"వానొచ్చేట్టుంది అత్తా. కాయ..."

"రానీ."

గట్టు మీద అటూ ఇటూ తిరిగింది. తర్వాత నాతో అందో, తనతో తనే అనుకుందో, పిల్ల ఏడుపు మధ్యలోంచి వినిపించింది.

"పున్నారావు కన్నా ముందు నాకొక ఆడపిల్ల. ఇట్టాగే ఉయ్యాల్లో పండుకుంది, లేవలేదు. గాలి సోకిందన్నారు. నేనూ అదే అనుకున్నా ఇన్నేళ్ళూ. ఆ పొద్దు మందు ఏసింది నేనా, మా అత్తా, ఇద్దరమా... ఎంత తలుచుకున్నా గుర్తు రాదే. అప్పుడు నాకూ నిద్దర లేదు."

పెద్దవాడు దగ్గుతూ నా కాళ్ళకు చుట్టుకున్నాడు.

చినుకులు మొదలయ్యాయి. కాయరాశి మీద కప్పడానికి తెచ్చిన ఈతచాప ఒక్కటే ఉంది. అత్త ఒంటి చేత్తో దాన్ని ఈడ్చుకొచ్చి మస్తానమ్మ మీద కప్పింది.